పదీ పది ట్రిప్పు

ఆ ఊరి గురించి పత్రికల్లో రాసినవాళ్ళందరూ గాలి గురించే రాశారు. గాలి స్వచ్ఛంగా ఉంటుందనీ, మనుషులు కల్లాకపటం ఎరగరనీ, తలుపులకు తాళాలుండవనీ. గాలి మాట నిజమే. కొండ మీద రోడ్డు అయిపోయిన చోట అరవై ఇళ్ళున్నాయి. గాలికి అడ్డం వచ్చేదేమీ లేదు. కల్లాకపటం ఎక్కడైనా ఉండేంత అక్కడా ఉంది. తాళాల మాట మాత్రం శుద్ధ తప్పు. ఊరికి మూడు పెద్ద తాళాలున్నాయి. వాటి చెవులు మూడూ రోడ్డు మీది మొదటి ఇంట్లో, వాకిలి లోపల గోడకు బిగించిన చెక్కపలక మీద, మూడు మేకులకు వేలాడుతుంటాయి. ఆ ఇంటావిడను ఊరంతా తాళాలక్క అంటుంది. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అక్కనే చేశారు.

మూడు తాళాలూ ఊరు చూడవచ్చినవాళ్ళకు చూపించే మూడు చోట్లవి. ఊరి పైన నూట పన్నెండు మెట్ల కాపలా బురుజు. ఎవరు ఎవరి మీద కాపలా కాశారో ఇప్పుడెవరికీ తెలియదు. వాగు ఒడ్డున నీటిమర. చక్రం తిరగడం మానేసి యాభై ఏళ్ళయింది గానీ ఫోటోకి బాగుంటుంది. మైలు దూరంలో ఇనుప గేటు పెట్టిన గుహ, లోపల మోకాలి లోతు నీలిరంగు నీళ్ళు. చోటుకో మనిషిని కాపలా పెట్టే స్తోమత ఊరి కమిటీకి లేదు. అందుకని తాళాలు వేసి, చెవులు మొదటి ఇంటివాళ్ళకు అప్పగించింది. తాళాలక్కకు ఆ పని వచ్చింది ఇల్లు ముందుండటం వల్లే. ఇంకే అర్హతా ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళలో ఆ పనికి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. మొదటి ఏడాది ఒక పెద్దమనిషి బురుజు తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకు ఉత్తరం రాశాడు, మీ ఊరిని మరిచిపోలేకపోతున్నానని. కవర్లో ఉత్తరమే ఉంది, చెవి లేదు. అప్పటినుంచి తాకట్టు మొదలైంది. గుర్తింపు కార్డు పెట్టమంటే రెండేసి కార్డులున్నవాళ్ళు వచ్చారు. ఒకాయన అత్తగారిని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి గుహకు వెళ్ళి, పొద్దువాలేదాకా రాలేదు. "తాకట్టుకి అత్తగారు చాలదమ్మా, ఇంకేదైనా చూసుకో," అని ఆ అత్తగారే వెళ్తూ వెళ్తూ సలహా ఇచ్చింది. చివరికి బండి తాళం దగ్గర పద్ధతి కుదిరింది. మా తాళం మీరు తీసుకోండి, మీ తాళం మాకివ్వండి. బురుజు చెవి తీసిన మేకుకే వాళ్ళ బండి తాళం తగిలిస్తుంది. మేకు ఖాళీగా ఉండకూడదు, ఒక మేకుకి రెండు ఉండకూడదు. అంతే. ఆ తర్వాత ఒక్క చెవి కూడా ఊరు దాటలేదు.

ఆవిడ భర్త డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఊరి బస్సొక్కటే నడిపాడు. కుర్రతనంలో రాత్రి హాల్టుకి బస్సు ఈ ఊళ్ళో నిలిపి, తాళాలక్క నాన్న వరండాలో పడుకునేవాడు. ఒక వానాకాలం వరండాలోంచి నడవలోకి జరిగాడు, మరుసటి ఏడాదికి పెళ్ళయింది. హాల్టల్లుడు అని చాలాకాలం వెక్కిరించారు. ఆయన రిటైరైన రెండేళ్ళకు నష్టాలొస్తున్నాయని బస్సు తీసేశారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆయనకు మతి తప్పడం మొదలైంది. బస్సు బెంగతోనే ఇలా అయ్యాడని ఊళ్ళో ఒక కథ అల్లారు. వినడానికి బాగుంటుంది కాబట్టి అందరూ నమ్మారు. డాక్టరు అలా అనలేదు. పొడుగాటి పేరొకటి రాసిచ్చి, ఇది పెరిగేదే గాని తగ్గేది కాదన్నాడు.

మొదట మనుషుల పేర్లు పోయాయి, తర్వాత ముఖాలు పోయాయి. చేతులు మాత్రం ఏదీ మరవలేదు. గుండీలు పెట్టుకోవడం, గడ్డం గీసుకోవడం అన్నీ పాత పద్ధతే. రెండుసార్లు నడుచుకుంటూ ఊరు దాటి మొదటి మలుపు దాకా వెళ్ళిపోతే వెతికి తెచ్చారు. రెండోసారి కమిటీ ప్రెసిడెంటు, వరసకు తమ్ముడు, వాకిట్లో నిలబడి చెప్పాడు.

"అక్కా, ఊరి తాళాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. ఒకటి మీ తలుపుకి వేసుకో. బావ కనబడకపోతే ఈసారి లోయలోకి తాళ్ళు వేసి వెతకాలి."

"గుహకి వేస్తాం, మరకి వేస్తాం. మనిషికి వేస్తామా?"

"మనిషి కాబట్టే చెప్తున్నా. గుహ లేచి ఎటూ పోదుగా."

ఆ మాట నిజమేనని ఆవిడకూ తెలుసు. కానీ తాళం వెయ్యలేదు. ఆవిడకు కావలసింది ఒక్కటే. ఆయన తన ఇంట్లో, తలుపు తీసి ఉన్న ఇంట్లో, ప్రాణంతో ఉండాలి. అందుకోసం రోజంతా చేతులు ఒక పనిలో, కళ్ళు ఆయన మీద పెట్టుకుని బతుకుతోంది.

ఆ రోజు పొద్దున ఒక రిటైరైన ప్రొఫెసరు, ఆయన భార్య వచ్చారు. వాళ్ళది ఎత్తయిన తెల్లటి వ్యాను, పక్కకు తెరుచుకునే తలుపు, పది సీట్లు. మిగతావాళ్ళు బండ్లు టీకొట్టు దగ్గర పెడతారు. ప్రొఫెసరు తెలియక తిన్నగా రోడ్డు చివర, ఒకప్పుడు బస్సు తిప్పుకుని నిలిపే చోట నిలిపాడు.

"మీ ఊళ్ళో ఇళ్ళకి తాళాలే వెయ్యరటగా. ఎంత గొప్ప విషయమమ్మా," అన్నాడు, గుహ చెవి అందుకుంటూ.

"లోపలేముందని సార్ వేసుకోవడం," అంది తాళాలక్క.

"అదే, ఆ నిరాడంబరతే మేం పోగొట్టుకున్నాం."

"మాకూ ఏమంత ఇష్టమై కాదు సార్. గేటు తీసేటప్పుడు కుడిపక్కకి కాస్త ఎత్తండి, లేకపోతే రాదు."

ఆయన భార్య నవ్వింది. వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపి, ఇంకోసారి చూసింది. వ్యాను తాళం గుహ మేకుకి వేలాడదీసి, తాళాలక్క పెరట్లో దుప్పటి పిండి ఆరెయ్యడానికి వెళ్ళింది. తడి దుప్పటి ఒక్కరు పిండటం కష్టం. ఒక కొస తీగెకి చుట్టి, రెండో కొస మెలిపెడుతుంటే కళ్ళు కాసేపు దుప్పటి మీదే ఉన్నాయి.

రెండు హారన్లు వినబడ్డాయి. పొట్టిగా, వెంటవెంటనే. బయలుదేరేముందు ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఆయన కొట్టిన హారన్లు అవే. తాళాలక్క దుప్పటి వదిలేసి వాకిట్లోకి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, మేకు ఖాళీగా ఉంది, రోడ్డు చివర దుమ్ము లేచి ఉంది. గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. బస్సు పొద్దుటి ట్రిప్పు టైము.

ఎదురుగా టీకొట్టు నడిపే వదిన గిన్నె తోముతూ తోముతూ లేచి నిలబడింది.

"వదినా, మా అన్నయ్య ఆ వ్యానెక్కడం చూశాను. వాళ్ళే కాస్త జరిపి పెట్టమన్నారేమో అనుకున్నా," అంది.

"ఎవరైనా బండి ఉందా వదినా?"

"పాలబండి తెల్లారే దిగిపోయింది. మా మోపెడ్‌లో పెట్రోలు లేదు. ఉన్నా నడిపే మా ఆయన దానిమీద పోయి, అది దారిలో ఆగిపోతే పాలబండిలో తిరిగొచ్చే రకం."

ఊళ్ళో ఫోను పలకదు. పలికేది బురుజు మీద. తాళాలక్క బురుజు చెవి తీసుకుని మెట్లెక్కింది. వదిన వెనకే రొప్పుతూ వచ్చింది. ఊరు చూడవచ్చినవాళ్ళు ఆ బురుజెక్కి కిందికి చూసి ఆహా అంటారు. రోడ్డు కొండ చుట్టూ తిరుగుతూ మూడు ముక్కలుగా కనబడుతుంది, మధ్యలో పద్దెనిమిది మలుపులు కనబడవు. తాళాలక్క రాతిగోడ పట్టుకుని మొదటి ముక్క మీద వెతికింది. తెల్లటి వ్యాను పాకుతున్నట్టు వెళ్తోంది. కూలిపోయిన బస్సు షెల్టరు దగ్గర ఆగింది. ఎవరూ లేరు. ఒక నిమిషం ఆగి, మళ్ళీ కదిలింది.

"స్టాపులో ఆగాడు," అంది వదిన. "నెమ్మదిగానే పోతున్నాడు వదినా. నువ్వు కూర్చో."

కూర్చోలేదు. కింద టౌనులో పోలీసు స్టేషనుకి ఫోను చేసింది. అవతలి గొంతు దేనికీ తొందరపడేది కాదు.

"వ్యాను పోయిందా?"

"పోలేదు బాబూ. వెళ్తోంది."

"ఎవరు తీసుకెళ్తున్నారు?"

"మా ఆయన."

"వ్యాను ఎవరిది?"

"చూడ్డానికి వచ్చినవాళ్ళది."

"లైసెన్సుందా ఆయనకి?"

"ఉండేది. మనిషికి మతి సరిగ్గా లేదు. రోడ్డుకి అడ్డంగా నిలబడకండి బాబూ, బెదిరితే పక్కకి తిప్పేస్తాడు. కింద దాకా రానిచ్చి, నెమ్మదిగా దింపండి."

"అమ్మా, ఆపమంటున్నావా, ఆపొద్దంటున్నావా? రెండూ రాసుకోలేను నేను."

ఆపితే లోయ, ఆపకపోతే లోయ. పెట్టేసి, తొమ్మిదో మలుపు దగ్గర క్వారీలో లారీలు తూచే గుమాస్తాకు చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

"ఆ అక్కా. ఇప్పుడే దాటాడు. ఇద్దరెక్కారు ఇక్కడ."

"ఎక్కారా? ఎక్కనిచ్చావా?"

"డ్రైవరుగారు కదక్కా. హారన్ కొట్టి, తలుపు తీసి, రండి రండి అన్నాడు. బస్సు మళ్ళీ వేశారనుకున్నాం. కుట్టుమిషనావిడ అయితే ఏడ్చినంత పని చేసింది, మిషను రిపేరుకి ఇన్నాళ్ళూ కిందికి దించలేకపోయిందట. చిన్నబస్సు వేశారు, పోనీలే, మొదటి రోజు జనం లేకపోతే మళ్ళీ తీసేస్తారని నేనే కబురు పంపాను, కింది స్టాపుల వాళ్ళు కూడా రమ్మని."

తాళాలక్క ఫోను చెవికి పెట్టుకునే ఉంది. ఇంకో ఊరివాళ్ళయితే, వేరే బండి, వేరే రంగు, టిక్కెట్టు లేదు, ఏమిటని అడిగేవాళ్ళు. వీళ్ళు మనిషిని చూసి ఎక్కారు. ఆయన ముఖం చూసి ఎక్కారు. ఇప్పుడా ముఖం వెనక ఏముందో చెప్పాల్సినది ఆవిడ; ఈ మూడేళ్ళూ ఊరు దాటి ఎవరికీ చెప్పలేదు, పరువు అనుకుంది.

"ఆయనకి బాగుండటం లేదు తమ్ముడూ," అంది.

"జ్వరమా?"

"కాదు." ఆ పొడుగాటి పేరు ఆవిడకు నోరు తిరగదు. "దారి మర్చిపోతాడు."

మూడో ముక్క మీద వ్యాను కనబడింది, చిన్నగా, సబ్బుబిళ్ళంత. మలుపు తిరిగి పోయింది. ఆ తర్వాత బురుజు మీంచి చూడటానికి ఏమీ లేదు.

కిందికి దిగేసరికి ప్రొఫెసరు దంపతులు గుహనుంచి వచ్చి, తడిసిన పాంట్ల కొసలు పిండుకుంటూ, వ్యాను ఉండాల్సిన చోటు వైపు చూస్తున్నారు.

"మా వ్యాను ఏదమ్మా?"

"ట్రిప్పుకి వెళ్ళింది సార్," అంది వదిన, తాళాలక్క నోరు తెరవకముందే.

చెప్పాల్సింది తాళాలక్క చెప్పింది. ప్రొఫెసరు వినేకొద్దీ నిరాడంబరత తగ్గిపోతూ వచ్చింది. తాళం గోడకు తగిలించడమేమిటన్నాడు. ఇన్సూరెన్సు అన్నాడు. ఆయన మాట్లాడినవన్నీ న్యాయమైనవే కాబట్టి తాళాలక్క తల ఊపుతూ నిలబడింది. చివరికి ఫోను చెయ్యడానికి బురుజెక్కి వెళ్ళాడు, ఒక్కడే.

ఆయన భార్య వరండాలో ఆ ఖాళీ కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మా నాన్నకి ఇలాగే వచ్చింది," అంది. "ఇంట్లో పెట్టి తాళం వేశాం. తప్పలేదు."

"ఊరుకున్నారా?"

"మొదట్లో తలుపు కొట్టేవారు. తర్వాత మానేశారు. తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేవారు, దాని వైపే తిరిగి. భోజనం కూడా అక్కడే." కాస్త ఆగి, "నాలుగేళ్ళు బతికారు. క్షేమంగానే," అంది.

ఆవిడ సలహా ఇచ్చిందో, వద్దని చెప్పిందో తాళాలక్కకు తెలియలేదు. అడగబోతే వదిన టీ తెచ్చింది.

"పన్నెండూ యాభైకి వస్తాడు చూడండి," అంది వదిన. "ముప్ఫై ఏళ్ళు ఆ బస్సు చూసే పొయ్యి మీద ఎసరు పెట్టాం."

పన్నెండూ యాభైకి రాలేదు. ఒంటిగంటకూ రాలేదు. వదిన కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. ఒంటిగంటా పావుకి మొదటి మలుపు అవతల రెండు హారన్లు వినబడ్డాయి. వ్యాను వచ్చి బస్సు తిరిగే చోట అచ్చం బస్సులాగే తిరిగి, ఆగింది. తలుపు తెరిచారు. తొమ్మిదిమంది దిగారు, రెండు ఉల్లిపాయల మూటలు, ఒక కుట్టుమిషను దిగాయి. క్వారీ దగ్గర దిగే వీల్లేక పైదాకా వచ్చేసిన కుట్టుమిషనావిడ డ్రైవరు సీటు దాకా వెళ్ళి దండం పెట్టింది. వ్యాను ఎడమ పక్క పొడుగునా, ముందు తలుపు నుంచి వెనక చక్రం దాకా, రంగు లేచిపోయి ఉంది.

చివరగా దిగిన బడిపంతులు తాళాలక్కను పక్కకు పిలిచాడు.

"వచ్చేటప్పుడు క్వారీ మలుపులో నడిమధ్యన ఆపేశాడమ్మా. ఇంజను ఆపి, వెనక్కి తిరిగి మమ్మల్ని అడిగాడు, ఇక్కణ్ణుంచి ఎటు అని. నవ్వులాట అనుకుని అందరం నవ్వాం. మళ్ళీ అడిగాడు. పైనుంచి కంకర లారీ దిగుతోంది. గుమాస్తా రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చి దాన్ని ఆపించాడు. నేను ముందుకెళ్ళి పక్కన కూర్చుని, ఎడమ, కుడి అని చెప్తూ తీసుకొచ్చాను. అప్పటికే గోడకి రాసుకుంది." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాడు. "నేను ఆయన బస్సులో బడికెళ్ళి చదువుకున్నవాణ్ణమ్మా," అన్నాడు.

డ్రైవరు దిగి, టైర్లు నాలుగూ కాలితో తట్టి చూసి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. వాకిట్లో నిలబడ్డ భార్యను చూసి మర్యాదగా ఆగాడు.

"ఎక్కడికమ్మా? ఇక మూడు గంటలకే ట్రిప్పు. ఎండలో నిలబడకండి, లోపల కూర్చోండి," అన్నాడు.

"అలాగేనండీ," అంది.

ప్రొఫెసరు ఫిర్యాదు ఇవ్వలేదు. గీత పొడుగు జానలతో కొలిచి, ఫోటోలు తీసుకుని, కోపం చల్లారాక, ఇంత అందమైన సంఘటన తన జీవితంలో చూడలేదనీ, దీని గురించి తప్పకుండా రాస్తాననీ అన్నాడు. కోపంగా ఉన్నప్పుడే ఆయన నయం అనిపించింది తాళాలక్కకు. ఆయన భార్య వెళ్తూ చెయ్యి పట్టుకుని వదిలింది, అంతే.

సాయంత్రం కాకుండానే ప్రెసిడెంటు వచ్చాడు. అరవలేదు. "అక్కా, బావకి తాళం వెయ్యి, లేదా ఈ పలక నాకిచ్చెయ్యి. రెండూ కుదరవు," అన్నాడు. పలక తీసుకెళ్ళి ఆయన ఇంట్లోనే పెట్టుకోమంది తాళాలక్క. వాళ్ళ ఇల్లు ఊరి ఆ చివర, ఇంట్లో అందరూ పొలంలోనే ఉంటారు, వచ్చినవాళ్ళకు చెవులిచ్చేదెవరు? అది ఆయనకే తట్టింది. తట్టి, ఏమీ తేల్చకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు నీళ్ళకు వెళ్తూ తాళాలక్క మొదటిసారి తలుపు బయట గడియ పెట్టింది. తాళం కాదు, గడియే. ఊరి కుళాయి అక్కడికి వంద అడుగులు. రెండు బిందెలు నింపుకుని వచ్చేసరికి ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవడం లేదు, కొట్టడం లేదు.

"అమ్మా, కాస్త డిపోలో ఎవరితోనైనా చెప్పండి," అన్నాడు. "పొరపాటున నన్ను లోపలుంచి తాళం వేసుకుపోయినట్టున్నారు. జనం ఎదురుచూస్తుంటారు. మీకు శ్రమ కాకపోతేనే."

బిందెలు కింద పెట్టి గడియ తీసింది. థాంక్స్ అన్నాడు. ఆ తర్వాత ఆ గడియ జోలికి వెళ్ళలేదు.

ఆవిడ చెయ్యగలిగిన పని ఒకటే మిగిలింది, అది చేసింది. తాకట్టు మానేసింది. బండి తాళాలు ఇంటి గడప తొక్కకూడదంది. వచ్చినవాళ్ళు అలవాటుగా తాళం చాపితే, జేబులో పెట్టుకోండి, కనబడనివ్వకండి అంటుంది. మా మీద ఎంత నమ్మకమో అని వాళ్ళు మురిసిపోతారు. తొమ్మిదో రోజున బురుజు చెవి పోయింది. మూడోవారంలో గుహది పోయింది. ఎవరు తీసుకెళ్ళారో కూడా తెలియదు, ఆ రోజు ఆయనకు స్నానం చేయిస్తుంటే వాళ్ళే మేకు మీంచి తీసుకున్నారు. మర చెవి ఒక్కటే తిరిగొస్తోంది, అదీ ఆ తాళం ఎంత తిప్పినా రాదు కాబట్టి. తీసుకెళ్ళినవాళ్ళు తిట్టుకుంటూ తెచ్చి పడేస్తున్నారు. కొత్త తాళాలు చేయిస్తే మళ్ళీ పోతాయని ప్రెసిడెంటు చేయించడం లేదు. ఫోను మాట్లాడాలన్నా ఇప్పుడు బురుజెక్కడానికి లేదు.

డ్రైవరు రోజూ గడ్డం గీసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, పది కొట్టేసరికి రోడ్డు చివరికి వెళ్ళి నిలబడతాడు. చేతిలో పని వదిలేసి ఆవిడా వెళ్తుంది.

"ఇవాళ ట్రిప్పు లేదండీ," అంటుంది.

"ఎవరు చెప్పారు?"

"డిపోనుంచి కబురొచ్చింది."

"కాగితం ఉందా?"

"లేదు. నోటిమాటే."

"నోటిమాట మీద ట్రిప్పు ఆపితే ఎలాగమ్మా? కింద స్టాపుల్లో జనం నిలబడి ఉంటారు."

నిజంగానే నిలబడుతున్నారు. క్వారీ దగ్గర ఇద్దరు, దాని కింద స్టాపులో ఒక ముసలావిడ, పదిన్నర నుంచి పదకొండు దాకా చూసి వెళ్తున్నారట. గుమాస్తా ఎంత చెప్పినా, ఒకసారి వచ్చిందిగా, మళ్ళీ రాదా అంటున్నారట. పాలబండివాడు చెప్పాడు. ఆ మాట తాళాలక్క ఆయనకు చెప్పదు. చెయ్యి పట్టుకుంటే ప్రయాణికురాలి చెయ్యి విడిపించుకున్నట్టు మెల్లగా విడిపించుకుంటాడు. అందుకని వెనక నిలబడి, చొక్కా అంచు రెండు వేళ్ళతో, ఆయనకు తెలియకుండా పట్టుకుంటుంది.